ఒక్కడే వచ్చాడు

వాల్పరైసోలో మాది వీధని పేరే గానీ
నిజానికది నూట పన్నెండు మెట్లు.
యాభయ్యో మెట్టు దగ్గర,
ఓడలకు పూయగా మిగిలిన ఆకుపచ్చ రంగుతో
రేకుల ఇల్లు రొసెండాది.
పైవాటాలో అద్దెకుండేది నేను.

రొసెండాకు పుట్టినప్పట్నుంచీ చెవులు వినపడవు.
తలుపు కొట్టీ కొట్టీ విసిగి
ఎలెయుతేరియో కిటికీకి గులకరాళ్లు విసిరేవాడు.
రెండు అద్దాలు పోయాయి.
మూడో అద్దం డబ్బులతో
ఆమె రేవు బజారుకెళ్లి
ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చింది.

కంప్యూటరంటే, పేకముక్కంత.
తెర లేదు, మూత లేదు,
పొట్ట చీల్చిన చేపలా
లోపలివన్నీ బయటికే.
"నిన్ను మోసం చేశారు" అన్నాడాయన వేళ్లతో.
జవాబు చెప్పాలంటే సూది కింద పెట్టాలి.
పెట్టి చెప్పింది:
"ఇంకా మొదలుపెట్టందే?"

పాత టీవీ దానికి మొహమైంది.
కీబోర్డు నాది, మూడు అక్షరాలు ఊడినది.
గోరంత కార్డులో ఉందట దాని బుద్ధంతా.
పక్కటెముకల్లోకి దూర్చి
ఫోను చార్జరు తగిలిస్తే
ఎర్రగా ఒక చుక్క.
తెర మీద ఇంగ్లీషు జలజలా రాలి
ఠక్కున ఆగింది.
ముగ్గురం దాని వంక చూశాం,
అది మా వంక.

మొదటి దీపాన్ని నేనే చంపాను.
బఠాణీ గింజంత ఎల్ఈడీ,
ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి.
రెసిస్టరెందుకు, దండగ అన్నాను.
కళ్లు జిగేల్మనేలా ఒక్క మెరుపు.
ఆ రాత్రి సూపులో కూడా
అదే కమురు వాసన.

మర్నాడు నన్ను పక్కకి జరగమంది.
నారింజ, నారింజ, గోధుమ:
దారపుండల డబ్బాలో వెతికినట్టే
చారలు చూసి రెసిస్టర్ ఏరింది.
పొడుగు కాలికి ఎర్రదారం ముడేసింది,
మళ్లీ నాలాంటివాడు తారుమారు చేయకుండా.
చిల్లుల పలకలో ఒక్కో తీగనీ
కుట్టు వేసినట్టు దించింది.

వెలుగు. ఆగు. ఆరు. ఆగు.
'ఆగు' అనడానికి దాని భాషలో
'స్లీప్' అని రాయాలన్నాను.
పడీపడీ నవ్వింది.
నిద్రపో అంటే
లెక్కపెడుతూ మేలుకుని ఉండేది
ఇదొక్కటేనట.

గుమ్మం బయట మీట,
దాని మీద పాత కోటు గుండీ అతికించింది.
లోపల మూడు దీపాలు:
కుట్టుమిషను మీద, పొయ్యి దగ్గర, మంచం పక్కన.

ఆ సాయంత్రం దీపం ఐదుసార్లు మెరిసింది.
ఐదుగురనుకుని
జుట్టు సర్దుకుంది, కప్పులు కడిగింది.
తలుపు తీస్తే ఒక్కడే,
చంకలో రొట్టెల సంచీతో ఎలెయుతేరియో.
"ఒక్కసారే నొక్కాను" అన్నాడు.

తీగలు విప్పాం, మళ్లీ కట్టాం.
నా వేలితో నొక్కితే ఒకటికి ఒకటే.
ఆయన నొక్కితే నాలుగు. ఒకసారి ఏడు.
అప్పుడు చూశాం ఇద్దరం
గుండీ మీద ఆ చేతిని.
ముప్పై ఏళ్లు కొండ లిఫ్టు బ్రేకు
జారకుండా పట్టుకున్న చెయ్యి.
పిచ్చి యంత్రం, దానికేం తెలుసు,
ప్రతి వణుకునూ నిజాయితీగా లెక్కపెట్టింది.

ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

రొసెండా ఏమీ అనలేదు.
అనడానికి చేతులు ఖాళీగా లేవు,
కీబోర్డు మీదున్నాయి.
ఒక్క వరస చేర్చింది:
మొదటి నొక్కు పట్టుకో,
తర్వాత మూడు సెకన్లు
ఏం తగిలినా పట్టించుకోకు.

మర్నాడు దీపం ఒక్కసారి మెరిసింది.
ఒక్క కప్పు కడిగింది.

ఇప్పుడు చిక్కంతా నాకే.
నా గుర్తు టకటకా రెండు నొక్కులు.
రెండోది మింగేస్తుందది.
రొట్టెలొచ్చాయనుకుని
నవ్వుతూ తలుపు తీస్తుంది రొసెండా,
కీబోర్డు తిరిగిమ్మని అడగడానికి
వట్టి చేతులతో నిలబడి నేను.